స్థానిక పత్రికల్లో పరిశోధనాత్మక కథనం: ఆరోపణ భాష, ఆధార భాష

ఉపోద్ఘాతం

తెలుగులో ‘పరిశోధన’ అనే మాట రెండు రంగాల్లో నిత్య వ్యవహారంలో ఉంది. విశ్వవిద్యాలయంలో అది ఆధారాలను సేకరించి, పోల్చి, పరీక్షించి ఒక నిర్ణయానికి చేరే క్రమాన్ని సూచిస్తుంది. పత్రికారంగంలో ‘పరిశోధనాత్మక కథనం’ అన్నప్పుడు, ఎవరో దాచిపెట్టదలచిన ప్రజాప్రయోజన విషయాన్ని విలేకరి స్వయంగా వెలికితీసి రాసిన వార్తాకథనమని అర్థం. రెండింటికీ మూలధాతువు ఒకటే. శోధించడమంటే శుద్ధి చేయడం, మాలిన్యాన్ని తొలగించి అసలు వస్తువును చూపడం. అయితే మొదటి రంగంలో ఆధారం చూపని వాక్యం నిలవదు. రెండో రంగంలో, ముఖ్యంగా జిల్లా స్థాయి పత్రికా పుటల్లో, ఆధారం చూపకుండానే వాక్యాన్ని నిలబెట్టగల ప్రత్యేక శైలి ఒకటి స్థిరపడింది.

తెలుగు స్థానిక పత్రికల పరిశోధనాత్మక కథనాన్ని ఒక రచనాప్రక్రియగా స్వీకరించి, దాని చారిత్రక పూర్వరంగాన్నీ, వాక్యనిర్మాణాన్నీ, ఆధారాలతో దానికున్న సంబంధాన్నీ పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. ఆర్థిక, రాజకీయ కోణాల నుంచి ఈ అంశంపై చర్చ జరిగింది. భాషాకోణం నుంచి జరగవలసిన చర్చ మిగిలి ఉంది. కథనంలోని లోపాన్ని విలేకరి నైతికతకో, యాజమాన్య ప్రయోజనాలకో మాత్రమే ఆపాదిస్తే, ఆ లోపం వాక్యంలో ఎక్కడ, ఏ రూపంలో ఉందో గుర్తించే అవకాశం తప్పిపోతుంది.

పూర్వరంగం: నివేదిక, ప్రహసనం

తెలుగులో స్థానిక అక్రమాలను బయటపెట్టే రచనకు తొలి ప్రముఖ వేదిక కందుకూరి వీరేశలింగం 1874లో ప్రారంభించిన ‘వివేకవర్ధని’. రాజమహేంద్రవర ప్రాంతంలోని న్యాయస్థానాల లంచగొండితనం, ప్లీడర్ల అక్రమాలు, ఉద్యోగుల దుర్వర్తన ఆ పత్రికకు ప్రధాన వస్తువులయ్యాయి. ఆ ప్రయత్నాలను, వాటివల్ల ఎదురైన వైరాలను వీరేశలింగం తన స్వీయచరిత్రలో చెప్పుకున్నారు. పత్రికా సంపాదకుడు, నిందకు గురైన ఉద్యోగి, చదివే పాఠకుడు ఒకే ఊళ్లో నివసించే పరిస్థితి అది. స్థానిక పత్రికకు ఉన్న బలమూ, ప్రమాదమూ ఆనాడే స్పష్టమయ్యాయి.

ఈ సందర్భంలో సాహిత్య విద్యార్థులు గమనించవలసిన అంశం మరొకటుంది. వార్తగా రాయడానికి వీలుపడని విషయాన్ని వీరేశలింగం ప్రహసనంగా రాశారు. ‘ప్లీడర్ నాటకం’గా ప్రసిద్ధమైన ‘వ్యవహారధర్మబోధిని’లో న్యాయవాద వృత్తిలోని మోసాలు పాత్రోచితమైన వాడుకభాషలో వ్యక్తమయ్యాయి. అంటే అక్రమాల వెల్లడి అనే అవసరం తెలుగులో వ్యావహారిక సంభాషణా రచనకు ఒక తొలి ప్రేరణ అయింది. ప్రహసనంలో వ్యక్తి పేరు మారినా, మోసం జరిగే పద్ధతి మాత్రం పూర్తిగా కనిపిస్తుంది. కక్షిదారు నుంచి డబ్బు ఎలా రాబడతారో, సాక్షిని ఎలా తయారు చేస్తారో పాఠకుడికి తెలుస్తుంది.

గురజాడ ‘కన్యాశుల్కం’ తొలి ముద్రణ (1897) పీఠికలో ఈ సంబంధం మరో రూపంలో కనిపిస్తుంది. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ల కాలంలో జరిగిన బ్రాహ్మణ వివాహాల పట్టికను విజయనగర మహారాజు తయారు చేయించారనీ, అందులో 1034 వివాహాలు నమోదయ్యాయనీ గురజాడ పేర్కొన్నారు. వధువుల వయసుల వివరాలు కూడా ఆ పీఠికలో ఉన్నాయి. తెలుగు నాటక సాహిత్యంలో అగ్రస్థానం పొందిన రచన వెనుక ఒక జిల్లా స్థాయి వాస్తవ సేకరణ ఉందన్నమాట. నాటకంలోని హాస్యానికి ఆ లెక్క బలమైన నేపథ్యం.

తెలంగాణ ప్రాంతంలో 1922లో నల్లగొండ నుంచి ‘నీలగిరి’, ఇనుగుర్తి నుంచి ‘తెనుగు’ పత్రికలు వెలువడ్డాయి. 1926లో ‘గోలకొండ’ ప్రారంభమైంది. నిజాం పాలనలోని ఆంక్షల మధ్య నడిచిన ఈ పత్రికలకు అధికారులను నేరుగా వేలెత్తి చూపే స్వేచ్ఛ పరిమితం. ‘గోలకొండ’ సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి ‘మొగలాయి కథలు’ రాసి, ఆనాటి పరిపాలనలోని వింతలను కథారూపంలో నమోదు చేశారు. ఇక్కడ కూడా వార్త చెప్పలేనిదాన్ని కథ చెప్పింది. ఈ రెండు ఉదాహరణల్లోనూ ముసుగు వ్యక్తికి మాత్రమే ఉంది, పద్ధతికి లేదు. నేటి జిల్లా కథనాన్ని అంచనా వేయడానికి ఈ భేదం ఒక కొలమానంగా ఉపకరిస్తుంది.

జిల్లా పుట: విస్తరణ, పరిమితి

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ‘ఈనాడు’ ప్రారంభం కావడం, తరువాతి దశాబ్దంలో పలు కేంద్రాల నుంచి ముద్రణ, 1980ల చివర్లో జిల్లా అనుబంధాల ప్రవేశం తెలుగు వార్త స్వరూపాన్ని మార్చివేశాయి. మిగిలిన దినపత్రికలు అదే మార్గాన్ని అనుసరించాయి. రాబిన్ జెఫ్రీ 2000లో ప్రచురించిన భారతీయ భాషాపత్రికల అధ్యయనంలో ఈ పరిణామానికి గణనీయమైన స్థానం ఉంది. అంతవరకు జిల్లా కేంద్రంలో ఆగిపోయిన వార్తాసేకరణ మండలానికీ, గ్రామానికీ చేరింది. పాఠశాల పైకప్పు కారడం, చెరువు శిఖం ఆక్రమణ, రేషను బియ్యం తరలింపు వంటివి తొలిసారిగా రోజువారీ అచ్చులోకి వచ్చాయి.

1990ల తొలినాళ్ల సారా వ్యతిరేకోద్యమం ఈ విస్తరణ సాధించిన ఫలితానికి ప్రసిద్ధ ఉదాహరణ. నెల్లూరు జిల్లా దూబగుంట వంటి గ్రామాల్లో, అక్షరాస్యతా కార్యక్రమాల నేపథ్యంలో మొదలైన స్త్రీల ప్రతిఘటనను తెలుగు దినపత్రికలు, ప్రధానంగా ‘ఈనాడు’, విస్తృతంగా ప్రచురించాయి. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలైంది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. ఉద్యమాన్ని నిర్మించింది స్త్రీలే. గ్రామీణ వార్త జిల్లా పుటను దాటి ప్రధాన సంచికలోకి ప్రవేశించడం వల్ల ఆ ఉద్యమం రాష్ట్రమంతటికీ తెలిసింది.

ఇక్కడే జిల్లా అనుబంధంలోని పరిమితి కూడా బయటపడుతుంది. ఒక జిల్లా పుటలోని వార్త పక్క జిల్లా పాఠకుడికి చేరదు. అక్రమాన్ని సరిదిద్దే అధికారం రాజధానిలో ఉన్నప్పుడు, దాన్ని వెల్లడించే కథనం ఆ జిల్లా సరిహద్దులోనే చదవబడి ముగుస్తుంది. పొరుగు జిల్లాల్లో అదే గుత్తేదారు, అదే పద్ధతిలో చేసిన పనులు మూడు అనుబంధాల్లో మూడు విడి వార్తలుగా మిగిలిపోతాయి. వాటిని కలిపి చదివే పాఠకుడు ఉండడు. పరిశోధనకు ప్రాణమైన పోలిక ఈ ఏర్పాటులో కష్టసాధ్యం.

దీనికి విలేకరి ఆర్థిక స్థితి తోడవుతుంది. మండల స్థాయి విలేకరుల్లో అధికులు జీతం పొందే ఉద్యోగులు కారు. ప్రచురితమైన వార్త నిడివిని సెంటీమీటర్లలో కొలిచి చెల్లించే లైను ఖాతా పద్ధతి, ప్రకటనల సేకరణ బాధ్యత వారి వృత్తిజీవితాన్ని నిర్ణయిస్తాయి. ఒక దస్తావేజు కోసం మూడు వారాలు తిరిగి రాసిన కథనానికీ, మధ్యాహ్నం టీ దుకాణంలో విన్న మాటతో రాసిన కథనానికీ కొలబద్ద ఒకటే. ప్రకటన అడగవలసిన వ్యక్తి మీదే కథనం రాయవలసి రావడం దీనికన్నా లోతైన వైరుధ్యం. కింద వివరించే భాషాలక్షణాలను ఈ పరిస్థితి నుంచి విడదీసి చూడడం న్యాయం కాదు.

ఆరోపణ భాష

జిల్లా పుటల్లోని అక్రమాల కథనాలను వరుసగా చదివితే కొన్ని పదబంధాలు పత్రికాభేదం లేకుండా పునరావృతం కావడం గమనించవచ్చు. ‘ఆరోపణలు వెల్లువెత్తుతున్నాయి’, ‘విమర్శలు వినిపిస్తున్నాయి’, ‘విశ్వసనీయ సమాచారం’, ‘అని భోగట్టా’, ‘అధికారుల కనుసన్నల్లోనే’, ‘మామూళ్ల మత్తులో’, ‘లక్షలు చేతులు మారాయి’, ‘గుట్టుచప్పుడు కాకుండా’, ‘మూడు పువ్వులు ఆరు కాయలుగా’ మొదలైనవి వీటిలో ప్రసిద్ధమైనవి. ఇవి ఏ ఒక్క పత్రికకో చెందిన ప్రయోగాలు కావు, ప్రక్రియకు చెందిన సూత్రవాక్యాలు. వీటి నిర్మాణంలో మూడు లక్షణాలు గుర్తించదగినవి.

మొదటిది వినికిడి సూచన. తెలుగు వ్యవహారంలో వక్త స్వయంగా చూడని విషయాన్ని చెప్పేటప్పుడు ‘అట’ చేరుస్తాడు. ‘ఇసుక తోలుతున్నారట’ అన్నప్పుడు, తాను చూడలేదన్న నిజాయితీ ఆ ఒక్క ప్రత్యయంలో ఉంది. పత్రికాభాష ఈ ‘అట’ను సంభాషణా రూపంగా భావించి పరిహరించింది. దాని స్థానంలో ‘తెలుస్తోంది’, ‘సమాచారం’, ‘ప్రచారం జరుగుతోంది’ వంటి రూపాలు వచ్చాయి. అర్థం మాత్రం ‘అట’దే. అయితే ‘అట’ వినికిడిని వినికిడిగా ఒప్పుకుంటుంది. ‘విశ్వసనీయ సమాచారం’ అదే వినికిడికి రుజువు హోదా ఇస్తుంది.

రెండోది కర్తృలోపం. తెలుగు వాక్యంలో కర్త లేకున్నా క్రియావిభక్తి ద్వారా పురుషవచనాలు బోధపడతాయి. ‘నిబంధనలకు తిలోదకాలిచ్చారు’ అనేది వ్యాకరణరీత్యా సంపూర్ణ వాక్యం. ఆ ‘-రు’ బహువచనమా, గౌరవార్థక ఏకవచనమా అన్నది సందర్భం వల్ల తెలియాలి. సందర్భాన్ని కథనం ఇవ్వనప్పుడు, తప్పు చేసినవారు ఒకరో పదిమందో, గుమాస్తానో ఉన్నతాధికారో తేలదు. ‘డబ్బు చేతులు మారింది’ అన్న ప్రయోగం ఈ లక్షణానికి పరాకాష్ఠ. ఇచ్చినవాడు లేడు, పుచ్చుకున్నవాడు లేడు. ఆ వాక్యంలో డబ్బే కర్త.

మూడోది అలంకార ప్రాచుర్యం. పుట్టగొడుగులు, మత్తు, నిద్ర, తిలోదకాలు వంటి రూపకాలు తొలి ప్రయోగంలో చమత్కారాన్ని ఇచ్చి ఉంటాయి. నిత్య వినియోగం వల్ల అవి నిర్జీవాలయ్యాయి. పైగా ఇవి పరిమాణాన్ని మరుగుపరుస్తాయి. ‘పుట్టగొడుగుల్లా వెలిశాయి’ అన్న వాక్యం రాసిన విలేకరి వాటిని లెక్కపెట్టవలసిన అవసరం నుంచి తప్పించుకుంటాడు. పాఠకుడు అయిదింటిని ఊహించుకోవచ్చు, యాభైని ఊహించుకోవచ్చు.

పేరు, ముసుగు

ఈ శైలికి సామాజిక పర్యవసానం ఉంది. జిల్లా పుటలో పేకాట కేసులో పట్టుబడిన కూలీల పేర్లు, ఊళ్ల పేర్లతో సహా అచ్చవుతాయి. అప్పులపాలై ప్రాణం తీసుకున్న రైతు ఇంటిపేరు, వయసు, పిల్లల సంఖ్య అచ్చవుతాయి. అదే పుటలో చెరువు శిఖం ఆక్రమించినవారు ‘ఓ ప్రజాప్రతినిధి’గా, బిల్లు మంజూరు చేసినవారు ‘ఓ ఉన్నతాధికారి’గా మిగులుతారు. ‘ఓ’ అనే ఒంటి అక్షరం కొందరికే లభించే కవచం. పేరు బలహీనుడి విషయంలో సమాచారంగా, బలవంతుడి విషయంలో సాహసంగా మారింది.

వీరేశలింగం ప్రహసనంలోనూ ముసుగు ఉంది కదా అన్న ప్రశ్న సహజం. తేడా ముసుగు కింద ఏం చూపారన్న దానిలో ఉంది. ప్రహసనంలో పేరు లేకున్నా పద్ధతి తెలుస్తుంది కనుక, ఊరికి కొత్తగా వచ్చిన పాఠకుడు కూడా దాని నుంచి గ్రహించేది ఉంది. జిల్లా కథనంలో పేరూ లేదు, పద్ధతీ లేదు. ‘ఓ నేత’ ఎవరో ఇంతకుముందే తెలిసినవాడికి అర్థమవుతుంది. తెలియనివాడికి తెలియదు. ఈ రకమైన కథనం రహస్యాన్ని ప్రజలకు అందించదు. రహస్యం తెలిసిన కొద్దిమంది మధ్య సంకేతంగా పనిచేస్తుంది. సంకేతం ఎవరికి చేరాలో వారికి చేరి, మరుసటి రోజు కథనం ఆగిపోయినప్పుడు సామాన్య పాఠకుడికి కలిగే అనుమానం నిష్కారణమైనది కాదు.

దీనికి పూర్తి వ్యతిరేక దిశ కూడా తెలుగు పత్రికారంగంలో ఉంది. విజయవాడ కేంద్రంగా ‘ఎన్‌కౌంటర్’ పత్రికను నడిపిన పింగళి దశరథరామ్ అధికారంలో ఉన్నవారిని పేరుపెట్టి, తీవ్రమైన భాషలో విమర్శించారు. 1985 అక్టోబరులో ఆయన హత్యకు గురయ్యారు. హర్యానాలోని సిర్సాలో ‘పూరా సచ్’ అనే స్థానిక పత్రికను నడిపిన రామచందర్ ఛత్రపతి, ఒక ఆశ్రమంలోని లైంగిక దౌర్జన్యాలను తెలిపే లేఖను 2002లో ప్రచురించిన తరువాత కాల్పులకు గురై మరణించారు. స్థానిక విలేకరి ‘ఓ’ వెనుక ఎందుకు నిలబడతాడో ఈ మరణాలు చెబుతాయి. ముసుగు భాషను పిరికితనంగా కొట్టిపారేసే విమర్శ, విలేకరి ఇల్లు కథనంలోని వ్యక్తి ఇంటికి రెండు వీధుల దూరంలో ఉంటుందన్న సంగతిని విస్మరిస్తుంది.

ఆధార భాష: దస్తావేజు పఠనం

ఈ రెండు దిశలకు భిన్నమైన మూడో మార్గం రికార్డు పఠనం. తాళపత్ర గ్రంథ పరిష్కర్త అనుసరించే పద్ధతికి ఇది దగ్గరగా ఉంటుంది. పరిష్కర్త ఒక కావ్యానికి లభించిన ప్రతులను పక్కపక్కన పెట్టి, పాఠభేదాలను గుర్తించి, ఏది ఎక్కడ ఎందుకు మారిందో విచారిస్తాడు. స్థానిక పరిశోధనలోనూ కీలకం పాఠభేదమే. ఒకే సంఘటనకు ప్రభుత్వం దగ్గర ఒకటికన్నా ఎక్కువ ప్రతులు ఉంటాయి. భూమి విషయంలో అడంగల్ లేదా పహాణీ, రిజిస్ట్రేషన్ కార్యాలయంలోని ఈసీ, నిషేధిత భూముల 22ఎ జాబితా ఉంటాయి. ఉపాధి హామీ పనిలో మస్టరు, కొలతల పుస్తకం, బ్యాంకు చెల్లింపు వివరాలు ఉంటాయి. ఇసుక రేవు విషయంలో తవ్వకపు అనుమతి, వే బిల్లులు, కాటా చీటీలు ఉంటాయి. రెండు ప్రతులు పొసగని చోట కథనం మొదలవుతుంది.

ఈ పద్ధతిలో వాక్యమే మారిపోతుంది. ‘ఇసుకాసురులు యథేచ్ఛగా దోచుకుంటున్నారని ఆరోపణలు వెల్లువెత్తుతున్నాయి’ అన్న వాక్యానికి బదులు, ఫలానా రేవులో ఫలానా నెలలో ఇన్ని ఘనపు మీటర్లకు అనుమతి ఉందనీ, అదే నెల కాటా చీటీల మొత్తం ఇంత అనీ, రెండింటి తేడా ఇంత అనీ మూడు చిన్న వాక్యాలు వస్తాయి. వీటిలో అలంకారం లేదు. అనుమతి పత్రం మీద సంతకం ఉంటుంది కనుక కర్త కూడా ఉంటాడు. విలేకరి ఎవరినీ దొంగ అనడం లేదు. రెండు అంకెలను పక్కపక్కన పెట్టి, సంబంధిత అధికారి వివరణను చేర్చి, నిర్ణయాన్ని పాఠకుడికి విడిచిపెడుతున్నాడు.

ఇలాంటి పఠనం సామాన్యులకు సాధ్యమేనని నిరూపించిన అనుభవాలు ఉన్నాయి. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994లో ప్రారంభించిన జన సునవాయీలలో మస్టర్లను గ్రామస్థుల ముందు బిగ్గరగా చదివారు. పనిచేయనివారి పేర్లు, చనిపోయినవారి పేర్లు జాబితాలో ఉన్నట్టు విన్నవారే గుర్తించారు. సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12న పూర్తిస్థాయిలో అమల్లోకి రావడం వెనుక ఈ ఉద్యమం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ పనులపై నిర్వహించిన సామాజిక తనిఖీలు ఇదే పద్ధతిని ప్రభుత్వ వ్యవస్థలోకి తెచ్చాయి. ఈ తనిఖీ బృందాలు చేసిన పని స్వభావరీత్యా పరిశోధనాత్మక పాత్రికేయమే. జిల్లా పుటలు వాటి ఫలితాలను సభా వార్తలుగా ప్రచురించాయి గానీ, ఆ పద్ధతిని తమ రచనలోకి తగినంతగా స్వీకరించలేదు.

చట్టం విషయంలో ప్రచారంలో ఉన్న ఒక అపోహను కూడా ఇక్కడ సవరించాలి. ‘ఆరోపణలు వినిపిస్తున్నాయి’ అని రాస్తే పరువునష్టం దావా నుంచి రక్షణ దొరుకుతుందన్న నమ్మకం విలేకరుల్లో విస్తృతంగా ఉంది. ఇతరుల నిందను తిరిగి ప్రచురించడం కూడా ప్రచురణే. భారత శిక్షాస్మృతి 499వ సెక్షనులోని తొలి మినహాయింపు ప్రజాహితం కోసం చెప్పిన సత్యానికి వర్తించింది. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షను ఆ మినహాయింపును కొనసాగించింది. 1994 నాటి రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు, ప్రజా రికార్డుల ఆధారంగా చేసే ప్రచురణకు కొన్ని మినహాయింపులతో రక్షణ ఉందని స్పష్టం చేసింది. అందువల్ల న్యాయదృష్టిలో విలేకరిని కాపాడగలిగేది దస్తావేజు. వినికిడి క్రియకు ఆ శక్తి లేదు. భౌతిక దాడి నుంచి ఏ దస్తావేజూ కాపాడలేకపోవచ్చు. అయినా రికార్డు ఆధారంగా రాసిన కథనాన్ని మరొకరు కొనసాగించగలరు. వినికిడి మీద రాసినది రాసినవాడితోనే ఆగిపోతుంది.

పత్రికే పరిశోధనా వస్తువైన సందర్భం

స్థానిక పాత్రికేయుల పరిశోధనా సామర్థ్యాన్ని శంకించేవారికి 2009 ఎన్నికల అనుభవం సమాధానం. ఆ ఎన్నికల్లో అభ్యర్థుల నుంచి డబ్బు తీసుకుని ప్రకటనలను వార్తలుగా ప్రచురించిన తీరుపై ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల సంఘం పశ్చిమ గోదావరి జిల్లాలో నమూనా సర్వే జరిపింది. మహారాష్ట్రలో అదే ఏడాది, ఒకే అభ్యర్థిని ప్రశంసించే ఒకే పాఠం పోటీ పత్రికల్లో అక్షరం మారకుండా వచ్చిన సంగతిని పి. సాయినాథ్ వెల్లడించారు. ఆ తరువాత ప్రెస్ కౌన్సిల్ నియమించిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో పరంజయ్ గుహా ఠాకుర్తాతో పాటు తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి సభ్యులు. 2010లో వారు సమర్పించిన నివేదికలో పత్రికల పేర్లు ఉన్నాయి. కౌన్సిల్ తొలుత సంక్షిప్త రూపాన్నే ఆమోదించింది. సమాచార కమిషన్ ఆదేశం తరువాత 2011లో పూర్తి నివేదిక బయటికి వచ్చింది.

ఈ ఉదంతంలో ఆధారం ఎక్కడో దాగిలేదు, అచ్చయిన పుటలోనే ఉంది. రెండు పత్రికల పాఠాలను పోల్చడమే మహారాష్ట్ర ఉదంతంలో రుజువైంది. పాఠపరిశీలన పద్ధతి ఎంత పదునైనదో దీనివల్ల తెలుస్తుంది. ఇతరుల పేర్ల విషయంలో ‘ఓ’ అని రాసే పత్రికారంగం, తన పేరు నివేదికలో వచ్చినప్పుడు కూడా ఆ ‘ఓ’నే కోరుకుంది.

ముగింపు

తెలుగు స్థానిక పత్రికలోని పరిశోధనాత్మక కథనానికి నూట యాభై ఏళ్ల చరిత్ర ఉంది. అందులో తొలి దశ రచనలు పేరు చెప్పలేనప్పుడు పద్ధతిని చెప్పాయి. జిల్లా అనుబంధాల దశలో వార్త గ్రామానికి చేరింది గానీ, వినికిడి క్రియలు, కర్తృలోపం, అరిగిన రూపకాలు కలిసి పేరునూ పద్ధతినీ రెండింటినీ కప్పివేశాయి. విలేకరి జీతభత్యాలు, భద్రత, పుట సరిహద్దులు మారకుండా ఈ భాష పూర్తిగా మారదు. అయితే ఈ పరిస్థితుల్లోనూ ఒక కథనాన్ని అంచనా వేయడానికి కొన్ని ప్రశ్నలు చాలు. వాక్యానికి కర్త ఉన్నాడా? లెక్క ఉందా? ఏ రికార్డును దేనితో పోల్చారు? ఆరోపణకు గురైనవారి వివరణ ఉందా? పేర్లు అచ్చువేయడంలో పేదవాడికీ అధికారికీ ఒకే నియమం పాటించారా?

విశ్వవిద్యాలయ తెలుగు శాఖలకు ఇందులో పాత్ర ఉంది. పాఠపరిష్కరణ, వాక్యవిశ్లేషణ, శైలీపరిశీలన ఆ శాఖల్లో నిత్యం బోధించే విషయాలే. కావ్యప్రతులకు అన్వయించే ఆ శాస్త్రాన్ని మస్టరుకూ, అడంగల్‌కూ, జిల్లా పుటకూ అన్వయించడం పాత్రికేయ బోధనలో భాగం కావాలి. జిల్లా అనుబంధాలను గ్రంథాలయాలు భద్రపరచడం కూడా అంతే అవసరం. ప్రధాన సంచికల సంపుటాలను దాచి అనుబంధాలను వదిలేస్తే, గ్రామీణ తెలుగు సమాజం గురించి మూడు దశాబ్దాలకు పైగా అచ్చయిన అతిపెద్ద రచనారాశి పరిశోధకులకు అందకుండా పోతుంది. అందులో వినికిడి ఎంత, రుజువు ఎంత అని తేల్చవలసినవారికి ముందుగా ఆ పుటలు చేతికి అందాలి.